స్ట్రాన్షియం లోహం: సీసా తెరవడం నుంచి మిగులు వదిలించుకునే దాకా

స్ట్రాన్షియం పేరు వినగానే చాలామంది ఒక అడుగు వెనక్కి వేస్తారు. అణుపరీక్షల బూడిద, చెర్నోబిల్, ఎముకల్లో చేరే రేడియోధార్మికత గుర్తుకొస్తాయి. రసాయనాల దుకాణం నుంచి వచ్చే సీసాలోని స్ట్రాన్షియంలో మాత్రం రేడియోధార్మికత లేదు. దానికి అసలు పడనిది నీరు. కాబట్టి మీరు జడవాల్సింది సింకు దగ్గర తడిసిన చేతికి, చెమట పట్టిన తొడుగుకు, వానాకాలపు గాలికి. ఆ లోహాన్ని ల్యాబులో స్వయంగా పట్టుకోవాల్సి వచ్చే అధ్యాపకులు, ల్యాబ్ సహాయకులు, పరిశోధక విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. అల్యూమినియం పోత పోసేవాళ్లకు పనికొచ్చే మాటలు కొన్ని చివర్లో ఉన్నాయి.

మొదట తేల్చుకోండి: లోహమే కావాలా?

నన్నడిగితే పదిమందిలో తొమ్మిది మందికి అక్కర్లేదు. విద్యార్థులకు ఎర్రని జ్వాల చూపించడానికి స్ట్రాన్షియం క్లోరైడ్ చాలు. నైక్రోమ్ తీగను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, చిటికెడు లవణం అంటించి, బున్సెన్ జ్వాల అంచున పెడితే ముదురు ఎరుపు వస్తుంది. పైగా ఆ ఎరుపు విడి స్ట్రాన్షియం పరమాణువుది కూడా కాదు. విడి పరమాణువు బలంగా వెలువరించేది 460.7 నానోమీటర్ల నీలి కాంతి. మనం చూసే ఎరుపు మంటలో క్లోరిన్‌తోనో, హైడ్రాక్సిల్‌తోనో జతకట్టిన అణువులది. అంటే లోహం కొన్నా ఆ రంగు కోసం దాన్ని మళ్లీ లవణం వైపే నడిపించాలి!

లోకంలో స్ట్రాన్షియం చేసే పనుల్లో ఎక్కువ భాగం ఇలా సమ్మేళనాలవే. దీపావళి రాత్రి ఆకాశంలో విచ్చుకునే ఎర్ర నక్షత్రాలకు, ఆపదలో చిక్కిన పడవలు వెలిగించే ఎర్రమంటలకు వాడేది ముఖ్యంగా స్ట్రాన్షియం నైట్రేట్. లౌడ్‌స్పీకర్ల వెనక ఉండే నల్లటి ఫెరైట్ అయస్కాంతాల తయారీకి స్ట్రాన్షియం కార్బొనేట్ ముడిసరుకు. పాత డబ్బా టీవీల రంగుల పిక్చర్ ట్యూబు గాజులో ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా ఆపింది స్ట్రాన్షియం ఆక్సైడే. చీకట్లో గంటల తరబడి ఆకుపచ్చగా వెలిగే బోర్డుల్లో ఉండేది కాస్త యూరోపియం, డిస్ప్రోసియం చేర్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్.

లోహమే కావాల్సిన పనులు తక్కువ. లోహాల క్రియాశీలత క్రమంలో కాల్షియానికీ బేరియానికీ నడుమ దీని స్థానాన్ని ప్రత్యక్షంగా చూపడం ఒకటి. తడి ఏమాత్రం సోకని కొన్ని సమ్మేళనాల తయారీ ఒకటి. మూడోది అత్యంత కచ్చితమైన గడియారాలు. శూన్యంలో పెట్టిన చిన్న కొలిమిలో కొద్ది గ్రాముల లోహాన్ని వేడి చేసి, వచ్చే ఆవిరిలోని పరమాణువులను లేజర్లతో నిలబెట్టి, 698 నానోమీటర్ల కాంతి కంపనాలను లెక్కపెడతారు. 2001లో జపాన్ శాస్త్రవేత్త హిడెటోషి కటోరి ప్రతిపాదించిన పద్ధతి ఇది. నాలుగోది లోహ మిశ్రమాలు.

మీ పని ఈ నాలుగింట్లో లేకపోతే లవణం కొనుక్కోండి. డబ్బూ మిగులుతుంది, నిద్రా పడుతుంది.

చేతికి వచ్చిన లోహం ఎలాంటిది

స్కాట్లండ్‌లోని స్ట్రాన్షియన్ అనే పల్లె సీసపు గనుల్లో దొరికిన ఖనిజంలో కొత్త మూలకం ఉండవచ్చని 1790లో అడైర్ క్రాఫర్డ్ గుర్తించాడు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణతో లోహాన్ని వేరుచేశాడు. పరమాణు సంఖ్య 38, పరమాణు భారం 87.62. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.6 గ్రాములు. అందువల్ల నూనెలో వేస్తే మునుగుతుంది. లిథియంలా పైకి తేలి గాలి తగిలించుకునే బెడద దీనితో లేదు. 777 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కాల్షియం కన్నా మెత్తన, సోడియం కన్నా గట్టి.

అప్పుడే కోసిన ముఖం వెండిలా మెరుస్తుంది. చూస్తూ ఉండగానే ఆ మెరుపు మసకబారి, లేత పసుపు తిరిగి, చివరికి బూడిద రంగు పొర కడుతుంది. ఈ పొర కాల్షియం మీది పొర అంత నమ్మకమైన కాపలా కాదు. తేమ ఉంటే లోపలి లోహం తినుకుపోతూనే ఉంటుంది. ముక్కగా ఉన్నప్పుడు కొంత నెమ్మదిగా ఉండే ఈ లోహం పొడి అయితే గాలి తగిలి తనంతట తానే అంటుకోగలదు. అందుకే ఆకురాయి పెట్టడం, రోట్లో నూరడం, సాన పట్టడం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. 10 గ్రాముల స్ట్రాన్షియం నీటితో పూర్తిగా చర్య జరిపితే గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 2.8 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పు అందుకుంటుంది. అంటే ఆ 10 గ్రాములు దాదాపు 70 లీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలవు. మూత బిగించిన డబ్బాలోనో, తలుపు వేసిన అలమరలోనో ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నీళ్లలో మిగిలే స్ట్రాన్షియం హైడ్రాక్సైడ్ బలమైన క్షారం. చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

ఇక రేడియోధార్మికత సంగతి. ప్రకృతిలో దొరికే స్ట్రాన్షియంలో 84, 86, 87, 88 ఐసోటోపులు ఉంటాయి, నాలుగూ స్థిరమైనవే. భయపెట్టేది స్ట్రాన్షియం-90. అది యురేనియం విచ్ఛిత్తిలో పుడుతుంది, అర్ధాయుష్షు సుమారు 29 ఏళ్లు. కాల్షియానికి దగ్గరి చుట్టం కావడంతో శరీరం దాన్ని ఎముకల్లో చేర్చుకుంటుంది. 2001 డిసెంబరులో జార్జియా దేశంలోని లియా అనే ఊరి దగ్గర, అడవికి కట్టెల కోసం వెళ్లిన ముగ్గురికి చుట్టూ మంచు కరిగిపోయి ఉన్న వేడి స్తూపాకార డబ్బాలు కనిపించాయి. చలికి వాటి పక్కనే రాత్రి గడిపారు. వాటిలో ఉన్నది సోవియట్ కాలపు విద్యుత్ జనరేటర్లలో వాడి వదిలేసిన స్ట్రాన్షియం-90. ముగ్గురూ గాయపడ్డారు, వారిలో ఇద్దరు తీవ్రంగా. ఒకరు 2004లో చనిపోయారు. మన దేశంలో అలాంటి మూలాలు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఎవరి చేతికీ రాకూడదు. మీ సీసా లేబుల్ మీద రసాయనాన్ని గుర్తించే సీఏఎస్ సంఖ్య 7440-24-6 ఉండి, ఐసోటోపు సంఖ్య ఏదీ లేకపోతే అది మామూలు స్ట్రాన్షియమే.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

ఒక ఏడాదికి సరిపడా కాదు, ఒక ప్రయోగానికి సరిపడా కొనండి. ఆర్గాన్ నింపి మూసిన గాజు గొట్టంలోనో, మినరల్ ఆయిల్‌లో ముంచిన ముక్కలుగానో వస్తుంది. భద్రతా సమాచార పత్రం లేకుండా వచ్చిన సరుకు తీసుకోవద్దు. రవాణా నియమాల్లో ఇది 4.3 తరగతి, అంటే తడిస్తే ప్రమాదకరం. నీలి చతురస్రంలో జ్వాల బొమ్మ దాని గుర్తు. బస్సు పార్సిల్‌లో వేసి పక్క ఊరి కళాశాలకు పంపే సరుకు కాదిది.

చాలా ల్యాబుల్లో సోడియంతో పాటు దీన్నీ కిరోసిన్‌లోనే పెడతారు. చలి దేశాల పుస్తకాల్లో చదివి చేసే పని అది. కిరోసిన్ ఆవిరి సుమారు 38 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకోగల స్థితికి వస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని స్టోర్ గది ఆ వేడిని ఉదయం పదింటికే దాటేస్తుంది. లిక్విడ్ పారాఫిన్ వాడండి, దాన్ని అంటించడం చాలా కష్టం. ముక్కలు పూర్తిగా మునిగి, పైన రెండు వేళ్ల మందాన నూనె నిలవాలి. ఆ సీసాను ఇంకో లోహపు డబ్బాలో పెట్టి, డబ్బాను ఆమ్లాలకు, ఆక్సీకారులకు, నీటి పైపులకు దూరంగా ఉంచండి. కింది అరలో కాదు, సింకు కింద అసలే కాదు. ఆరు నెలలకోసారి నూనె మట్టం చూసి, తేదీ వేసి సంతకం పెట్టండి.

స్టోర్‌లో ఎప్పటిదో సీసా దొరికి, నూనె ఎండిపోయి, ముక్కల మీద తెల్లటి పెచ్చులు కట్టి ఉంటే దాన్ని సున్నం అనుకోవద్దు. పెచ్చు లోపల లోహం బతికే ఉంటుంది. మూత కదపకుండా, కుదపకుండా, ఆ సీసాను అలాగే పొడి ఇసుక ఉన్న బకెట్టులో దించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే వారికి కబురు పెట్టండి. బిగుసుకుపోయిన మూతను వేడి నీళ్లు పోసి తీయబోవడం మన ల్యాబుల్లో పాత అలవాటు. ఇక్కడ అది ప్రాణాంతకం.

తీసి, కోసి, తూచడం

రోజును చూసి పని పెట్టుకోండి. కిటికీ అద్దాలకు చెమ్మ పట్టే వానరోజు, తీరప్రాంతంలో ఉక్కపోతగా ఉండే మధ్యాహ్నం ఇందుకు పనికిరావు. గ్లవ్ బాక్సు, అంటే గోడకే తొడుగులు బిగించిన మూసిన పెట్టె ఉంటే ఆర్గాన్ నింపి అందులోనే చేయండి. లేదంటే ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో. నూలు కోటు వేసుకోండి. పాలియెస్టర్ బట్ట నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చున్నీ తీసి పక్కన పెట్టాలి, జుట్టు ముడి వేయాలి. కళ్లద్దాల మీద ముఖానికి పారదర్శక కవచం, చేతులకు కొత్త నైట్రైల్ తొడుగులు ఉండాలి. ఇంకొకరు గదిలో ఉండాలి, ఆ వ్యక్తికి మీరు ఏం చేస్తున్నారో తెలియాలి.

1. బల్ల మీది నీళ్ల సీసాలు, తడి గుడ్డలు, కడిగి బోర్లించిన గాజు పాత్రలు అన్నీ తీసేయండి. పొడి ఇసుక బకెట్టు, లోహ అగ్నికి వాడే డి తరగతి పొడి చేతికి అందేలా పెట్టండి. ఇసుక నిజంగా పొడిదేనా? ఆరుబయట బకెట్టులో వానకు తడిసిన ఇసుక మంటకు ఆజ్యమే. ముందురోజే ఓవెన్‌లో ఎండబెట్టి మూత పెట్టి ఉంచండి.

2. కత్తి, శ్రావణం, గాజు పళ్లెం ఓవెన్‌లో ఆరబెట్టి చల్లార్చాలి. వేడిగా వాడవద్దు.

3. పళ్లెంలో ముక్క మునిగేంత లిక్విడ్ పారాఫిన్ పోయండి. సీసా నుంచి శ్రావణంతో ఒక ముక్క తీసి అందులో దించండి. వెంటనే సీసా మూత పెట్టేయండి. మూత తీసి ఉంచి కబుర్లు చెప్పుకోవడమే సగం ప్రమాదాలకు మూలం.

4. నూనెలో మునిగి ఉండగానే కోయండి. సోడియంలా వెన్నగా తెగదు, కాస్త బలం పెట్టాలి. కత్తిని ముందుకు వెనక్కి రంపంలా లాగితే సన్నటి తురుము పడుతుంది, అదే ప్రమాదకరం. నిటారుగా, ఒకే ఒత్తిడితో కిందికి నొక్కండి. కొమ్మల్లా పెరిగిన స్ఫటికాల రూపంలో వచ్చే శుద్ధ లోహాన్ని చిన్న కట్టింగ్ ప్లయర్‌తో తుంచడమే మేలు.

5. తూచడానికి ముక్కను త్రాసు పళ్లెంలో పెట్టవద్దు. నూనె పోసిన చిన్న బీకరును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. ముక్కను వడపోత కాగితంతో అద్ది బీకరులో వేయండి. చూపించే అంకె మీ లోహం బరువు.

6. నూనె పూర్తిగా పోవాలంటే పొడి హెక్సేన్‌లో ముంచి తీయండి. చుట్టుపక్కల మంట, వేడి పలక ఉండకూడదు. క్లోరోఫామ్, డైక్లోరోమీథేన్, కార్బన్ టెట్రాక్లోరైడ్ వంటి క్లోరిన్ ద్రావణులతో కడగడం ఎన్నడూ వద్దు. ఈ కుటుంబపు లోహాలు వాటితో కలిసి పేలిపోగలవు. అసిటోను, మద్యసారం కూడా పనికిరావు.

అద్దిన వడపోత కాగితాన్ని చెత్తబుట్టలో వేయకండి. కంటికి కనిపించని తురుము అందులో ఉంటుంది. పళ్లెం, కత్తి, కాగితం అన్నీ మిగులుతో పాటు శుద్ధి చేయాల్సినవే.

నీటితో ప్రయోగం చూపించాలంటే

పెసరగింజంత ముక్క చాలు. అది సుమారు 0.1 గ్రాము, దాని నుంచి 28 మిల్లీలీటర్ల దాకా హైడ్రోజన్ వస్తుంది. పెద్ద బీకరులో నీళ్లు పోసి క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేయండి. విద్యార్థులకూ బీకరుకూ మధ్య అడ్డుతెర ఉండాలి. శ్రావణంతో ముక్కను వదిలి చేయి వెనక్కి తీసుకోండి. సోడియం నీటి మీద బంతిలా పరుగులు తీస్తుంది. స్ట్రాన్షియం నేరుగా అడుగుకు దిగి, అక్కడి నుంచి బుడగల తెర లేపుతుంది. ముక్క చుట్టూ ముందు గులాబీ రంగు తీగలు సాగుతాయి, తర్వాత నీరంతా గులాబీ అవుతుంది. సన్నటి తెల్లని మడ్డి కనిపిస్తే అది హైడ్రాక్సైడ్, కార్బొనేట్‌లది.

పక్కనే అంతే ముక్క కాల్షియంతో ఇదే చేసి చూపితే, స్ట్రాన్షియం వేగం ఎక్కువని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆవర్తన పట్టిక రెండో గ్రూపులో కిందికి దిగేకొద్దీ క్రియాశీలత పెరుగుతుందన్న పాఠానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. బీకరు దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు.

నిప్పు అంటుకుంటే, ఒంటి మీద పడితే

నీళ్లు వద్దు. నురగ వద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా వద్దు: మండే స్ట్రాన్షియం ఆ వాయువులోని ఆక్సిజన్‌ను లాక్కొని ఇంకా మండుతుంది. గోడకు వేలాడే మామూలు ఏబీసీ పొడినీ లోహపు మంటకు నమ్ముకోవద్దు. డి తరగతి పొడినో, పొడి ఇసుకనో మెల్లగా, మందంగా కప్పండి. విసిరితే మండుతున్న ముక్కలు చెల్లాచెదురవుతాయి. పైకి ఆరినట్టు కనిపించినా కింద చాలాసేపు ఎర్రగా ఉంటుంది, చల్లారే దాకా కదపకండి. మంట పెద్దదైతే గది ఖాళీ చేయించి, ఫైర్ సిబ్బందికి 101కి ఫోను చేసి మొదటి మాటగా నీళ్లు చల్లకూడని లోహం అని చెప్పండి.

చర్మం మీద ముక్క పడితే ముందు పొడి గుడ్డతోనో శ్రావణంతోనో తీసేయాలి, ఆ తర్వాతే నీళ్లు. నీళ్లు కూడా మగ్గుతో కాదు, ధారగా కనీసం పదిహేను నిమిషాలు. కంట్లో పడితే రెప్పలు ఎత్తి పట్టుకుని వెంటనే నీటి ధారతో కడుగుతూ, కడగడం ఆపకుండానే వైద్యుడి దగ్గరకు వెళ్లే ఏర్పాటు చేయండి.

మిగులును వదిలించుకోవడం

గ్రాములకొద్దీ మిగిలితే అధీకృత సంస్థకు అప్పగించండి. తురుము, పొట్టు, ఒక గ్రాము లోపు ముక్కలైతే ఫ్యూమ్ హుడ్‌లో మీరే చల్లార్చవచ్చు. చుట్టూ మంట లేకుండా, ఫ్లాస్కులో ఆర్గాన్ నింపి, మంచు నీటి తొట్టిలో పెట్టి, మిగులు మునిగేలా పొడి హెక్సేన్ పోయండి. పొడి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను చుక్కచుక్కగా కలపండి. బుడగలు వస్తాయి. ఆగాక ఇథైల్ ఆల్కహాల్, అదీ ఆగాక నీరు, చివర్లో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అన్నీ చుక్కల లెక్కనే. సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే కరగని స్ట్రాన్షియం సల్ఫేట్ పొర కట్టి లోపల లోహాన్ని దాచేస్తుంది.

ఓపిక పరీక్ష ఇక్కడే. బుడగలు ఆగాయంటే లోహం అయిపోయినట్టు కాదు, పైన పొర కట్టి ఉండవచ్చు. గాజు కడ్డీతో మెల్లగా కదిపి, అరగంట ఆగి, మళ్లీ కదిపి చూశాకే తర్వాతి ద్రవం పోయండి. తొందరపడి ఆల్కహాల్ దశలోనే నీళ్లు కుమ్మరిస్తే హైడ్రోజన్ ఒక్కసారిగా లేస్తుంది, పక్కనే హెక్సేన్ ఆవిరి ఉంది.

పోత పోసేవాళ్లకు

అల్యూమినియం-సిలికాన్ మిశ్రమంలో సిలికాన్ పదునైన పలకల్లా గడ్డకడితే ఆ పోత పెళుసుగా విరుగుతుంది. కొద్దిపాటి స్ట్రాన్షియం పడితే అదే సిలికాన్ సన్నటి పోగుల్లా మారి, పోతకు సాగే గుణం వస్తుంది. కార్ల అల్లాయ్ చక్రాల్లో జరిగేది ఇదే. ఇందుకు శుద్ధ లోహం ముట్టుకునే అవసరమే లేదు. 10 శాతం స్ట్రాన్షియం ముందే కలిపి పెట్టిన అల్యూమినియం కడ్డీలు (మాస్టర్ అల్లాయ్) దొరుకుతాయి, దాచేటప్పుడు వాటికి శుద్ధ లోహానికున్న నీటి భయం లేదు.

ఏ356 వంటి మిశ్రమంలో సాధారణంగా 0.01 నుంచి 0.02 శాతం స్ట్రాన్షియం నిలవాలి. 100 కిలోల కరిగిన లోహానికి 0.015 శాతం అంటే 15 గ్రాముల స్ట్రాన్షియం, అంటే 150 గ్రాముల కడ్డీ. మండి పోయే వంతు కోసం కొంచెం ఎక్కువ వేయాలి, ఎంతన్నది మీ కొలిమి స్పెక్ట్రోమీటరు చెబుతుంది. కడ్డీని ముందు వేడి చేసి చెమ్మ పోగొట్టండి. చల్లటి కడ్డీకి పట్టిన తడి కరిగిన అల్యూమినియంలోకి వెళ్తే చిమ్ముతుంది, హైడ్రోజన్ చేరి పోతలో బుడ్డలు పడతాయి. క్లోరిన్ విడిచే ఫ్లక్స్ మాత్రలతో శుద్ధి చేసే పని ఉంటే స్ట్రాన్షియం కలపక ముందే ముగించండి, తర్వాత వేస్తే క్లోరిన్ ఆ స్ట్రాన్షియాన్నే మోసుకుపోతుంది. సోడియంతో పోలిస్తే దీని ప్రభావం కొలిమిలో ఎక్కువసేపు నిలుస్తుంది. అయినా కరిగిన లోహాన్ని గంటల తరబడి ఉంచితే తగ్గుతుంది కాబట్టి, షిఫ్టు మారినప్పుడు పాత కొలతను నమ్ముకోకుండా కొత్త నమూనా తీసి చూడండి.